చూపు కూతలు

నమోదు 1. మూడో ఆట మరునాడు

నా పేరు ఓబులమ్మ. ఉండేది ఏడో గని, మూడో అంతస్తు. వయసు డెబ్బై నాలుగు. చదువు రాదు కాబట్టి ఈ విన్నపాల పెట్టె ముందు కూర్చుని చెబుతున్నాను. పెట్టె రాసుకుంటుంది, రాసింది నాకు చదివి వినిపిస్తుంది. ఇందాక చదివినప్పుడు నేను తిట్టిన తిట్టు తీసేసి ఆ చోట 'గౌరవనీయులైన' అని పెట్టింది. ఓ పెట్టే, నా మాటలు నీకు తోచినట్టు శుభ్రం చేసుకో. మనుషులు ఒకరితో ఒకరన్న మాటలు మాత్రం వాళ్ల నోట్లోంచి వచ్చినట్టే ఉండాలి. రేపు ఎవరైనా నేనట్లా అనలేదని అడ్డం తిరిగితే నాకు సాక్షివి నువ్వే.

నా గొడవ నా మనవరాలి గురించి. చౌడేశ్వరి పేరు, అందరూ చౌడి అంటారు. పంతొమ్మిదేళ్లు. తల్లి వడగాలి ఏడాది పోయింది. పెంచింది నేను, ఆట నేర్పింది నేను. ఈ ఏడు మా గని చెడుగుడు జట్టులోకి కొత్త రైడరుగా తీసుకున్నారు. నిన్న రెండో గనితో ఆడింది మూడో ఆట. తొమ్మిదిసార్లు కూతకెళ్లింది. తొమ్మిదిసార్లూ ఎవరినీ తాకలేదు, ఎవరికీ చిక్కలేదు, ఖాళీ చేతులతో వచ్చింది. ఆట అయ్యాక మైదానం కప్పుకు వేలాడే తూనిక యంత్రం చౌడి లెక్క చెప్పింది. నూటికి ముప్పై ఒకటి.

కొత్తగా వచ్చిన పిల్లను ఐదు ఆటలు చూసి, లెక్క నలభైకి తగ్గితే చెవి వెనక తోడు పెడతారు. తోడంటే గింజంత యంత్రం. ఎప్పుడు దూకాలో, ఎవర్ని తాకాలో లోపలి నుంచి అదే చెబుతుంది. వద్దంటే ఆ ఇంటివాళ్లను ఆరో అంతస్తుకు పంపేస్తారు. ఆరో అంతస్తు అన్నిటికన్నా కింద, గాలి అందరికన్నా చివర చేరే చోటు. పోయిన ఎండల్లో అక్కడ పద్నాలుగు మంది పోయారు. అందులో పదిమంది నా వయసువాళ్లు.

నేను చెప్పేది ఇది. చౌడి చేతకాక ఖాళీగా రాలేదు. నేనే రమ్మన్నాను. మా ఆడవాళ్ల చెడుగుడులో కొత్త పిల్ల మొదటి ఐదు ఆటలూ చూపు కూతలే వేస్తుంది. వెళ్లి, ఎదుటి ఏడుగురి అడుగులూ చూసి, ఊపిరి నిలుపుకుని వెనక్కి రావాలి. తాకకూడదు. మా పెద్దమ్మ నాకలాగే నేర్పింది. మొదటి ఐదు ఆటల్లో నేను తెచ్చిన పాయింట్లు సున్నా. ఆ తర్వాత పద్నాలుగేళ్లు పది గనుల్లో నన్ను పట్టి నిలిపినవాళ్లు లేరు. తూనిక మా పద్ధతిని చేతకానితనం కింద జమకట్టింది. తప్పు ఉంటే నాది. తోడు పెడితే నా చెవి వెనక పెట్టండి.

నమోదు 2. నాలుగో ఆటకు ఆరు రోజులుంది

పొద్దున గాలి గొట్టం మూతి దగ్గర గోనెపట్టాలు తడిపే వంతు నాది. పట్టాలు తడిగా ఉంటేనే లోపలికొచ్చే గాలి ఒంటికి పడుతుంది. బయట నేల మీద మనిషి అరగంట నిలవలేడు. కొండ అడుగున చల్లబరిచిన గాలినే పది గనులూ పంచుకోవాలి. పోటీలో ముందున్న గనికి గాలి ముందు, వెనకబడ్డ గనికి మిగిలింది. ఇప్పుడు మేం ఎనిమిదో స్థానంలో ఉన్నాం.

నేను పట్టా పిండుతుంటే నీళ్ల వరసలో నిలబడ్డ గంగులమ్మ గొంతు పెంచింది.

"మీ పాప కూతకు పోతాందా, బంధువుల ఇంటికి పోతాందా ఓబులక్కా? పొయ్యి, అందర్నీ పలకరించి, వట్టి చేతుల్తో వొస్తాంది."

"నీ కూతురు పోయిన ఏడు కూతకు పోయినప్పుడు ఎత్తుకొచ్చి పడేసినారు గదమే. నా మనవరాలు కాళ్ల మీద నడిచొస్తాండాది" అన్నాను.

వరస మొత్తం నవ్వింది గానీ గంగులమ్మ నవ్వలేదు. "నవ్వులాటగాదక్కా. మా అత్తకు రొమ్ములో గాలాడ్డంల్యా. నీ పద్ధతి కోసరం మేము ఉడకాల్నా?"

నేను ఇంకో పట్టా తీసి నీళ్లలో ముంచాను.

తర్వాత జట్టుకు మాస్టరైన దస్తగిరి దగ్గరికి వెళ్లాను. అతని తల్లీ నేనూ ఒకే జట్టులో ఆడాం. చూపు కూతల సంగతి అతనికి తెలుసు.

"తెలిసినా ఏం లాభం అవ్వా? ముందు ఏడాదంతా చూసి తూకమేసేవాళ్లు. మూడేండ్ల నించి ఐదాటలే. తూనిక చేతులు చూస్తాది. కండ్లు యాడ చూస్తాండాయో దానికెందుకు?"

"నువ్వు చెప్పరాదా వాళ్లకు?"

"చెప్పినా. నీ మాటకు లెక్కుందా అన్నారు." తల గోక్కున్నాడు. "నాలుగో ఆటలో తాకమని చెప్పు. రెండాటల్లో పన్నెండు పాయింట్లు తెస్తే గట్టెక్కుతాది. పద్ధతి యాడికీ పోదు, పిల్ల పోతాది."

రాసుకో పెట్టే. మా పద్ధతి తెలిసిన మాస్టరు కూడా పద్ధతి వదిలెయ్యమన్నాడు.

నమోదు 3. నాలుగో ఆటకు మూడు రోజులుంది

తోడంటే ఏమిటో చూడకుండా వద్దనడం మొండితనం అన్నారు ఈ విన్నపాల గదివాళ్లు. సరే, చూడడానికి ఈరక్క ఇంటికెళ్లాను. ఇరవై రెండేళ్ల పిల్ల. పోయిన ఏడాది ఐదాటల్లో లెక్క తగ్గి తోడు పెట్టించుకుంది. అంతకుముందు ఆ పిల్ల నవ్వితే రెండో అంతస్తుకు వినబడేది. ఇప్పుడు ఆటకు పద్నాలుగు పాయింట్లు తెస్తోంది.

నేను వెళ్లేసరికి జొన్నరొట్టెలు కాలుస్తోంది. వాళ్లమ్మ లింగమ్మ పిండి కలుపుతోంది. నేను పలకరిస్తే ఈరక్క తలెత్తి, "బాగుండావా అవ్వా" అంది. గొంతులో కోపం లేదు, సంతోషం లేదు. రొట్టె తిప్పబోతే అది చిరిగి, చెయ్యి పెనం మీద ఆనింది.

చెయ్యి అక్కడే ఉంది.

తీస్తుందని చూశాను. తీయలేదు. వాసన వచ్చింది. లేచి మణికట్టు పట్టి లాగాను. అరచేయి తెల్లగా పొంగిపోయి ఉంది.

"ఏందిమే, కనపడ్లేదా?"

"చూసినా అవ్వా" అంది నెమ్మదిగా. "తియ్యమని ఇంగా చెప్పల్యా."

ఆట లేనప్పుడు తోడు మాట్లాడదట. అది మాట్లాడని చోట ఈ పిల్ల కూడా ఆగిపోతోంది. లింగమ్మ నూనె తెచ్చి రాసింది. అలవాటైన పనిలా రాసింది.

"నొప్పి ల్యాదామ్మే?" అని అడిగాను.

"ఉండాది."

"భయం?"

ఈరక్క ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువును వెతుక్కున్నట్టు చూసింది. తర్వాత ఇంకో రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

లింగమ్మ నన్ను గడప దాకా సాగనంపింది. "ఒగరోజు దాని కొడుకు పొయ్యి దగ్గరికి పాక్కుంటా పాయె. ఇది చూస్తా కూచున్నింది. నేను ఇంట్లో ల్యాకుంటే ఏమయ్యేదో." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇది తెచ్చిన పాయింట్లవల్లనే పోయినేడు మా వరస అంతా చల్లగ పండుకున్నారు. నేను యాడ ఏడ్చేది చెప్పక్కా?"

భయాన్ని తీసేస్తుంది కాబట్టి తోడు మంచిదని మీ కాగితంలో రాశారట. పొయ్యి దగ్గర భయం లేని తల్లిని మీరు చూశారా? నేను చూశాను.

నమోదు 4. నాలుగో ఆట మరునాడు

చౌడికి చెప్పాను. పెద్దమ్మ లేదు, పద్ధతి లేదు, వెళ్లి తాకి రా అన్నాను. సరే అంది. నిన్న తొమ్మిదో గనితో ఆట. ఎప్పటిలాగే మా వైపు గీత వెనక రాయి మీద కూర్చున్నాను. మధ్యగీత దాటాక నా కళ్లకు మనుషులు మసకగానే కనబడతారు. కూత మాత్రం వినబడుతుంది. ఏడుసార్లు వెళ్లింది. ఏడుసార్లూ కూత సన్నగా మొదలై, సగంలో పలచబడి, వెనక్కి వచ్చింది. లెక్క ఇరవై ఎనిమిది. ఆట పోయింది. మా గని తొమ్మిదో స్థానానికి దిగింది.

ఇంటికొచ్చి నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు తలుపు తీశారు.

"తాకమన్నా గదా! ఎందుకు తాకల్యా?"

"నువ్వే గదవ్వా ఐదాటలూ చూడమనింది" అంది, గోడకేసి చూస్తూ.

"ఇప్పుడు వొద్దన్నా గదా!"

"మారలేకపోతాండా."

నా మాట మీద నిలబడిన పిల్ల అనుకున్నాను. చెప్పొద్దూ, కోపంలోనే గుండె కొంచెం పొంగింది. నేర్పినది అంత లోతుకు దిగింది అనుకున్నాను. పెట్టే, ఆ మాట కొట్టెయ్యకు. నా తెలివితక్కువతనం కూడా కాగితం మీద ఉండాలి.

నమోదు 5. ఐదో ఆటకు నాలుగు రోజులుంది

విన్నపాల పెద్ద రామసుబ్బమ్మ నన్ను పిలిపించింది. నా మనవరాలు చూపు కూతలు వేస్తోందని నా వాదన కదా, తూనిక ఏం చూసిందో వినమంది. కాగితం తీసి నిదానంగా చదివింది.

"మొదటి రెండు ఆటలు: చూపు ఎదుటివాళ్ల కాళ్ల మీద ఉంది. మూడో ఆట నుంచి: చూపు సొంత పాదాల మీద. గీత దాటకముందే ఊపిరి సగం ఖర్చు. మోకాళ్లలో వణుకు." కాగితం మడిచింది. "అవ్వా, తూనికకు కండ్లు తెలీవని ఎవురు చెప్పినారో. దానికి అన్నీ తెలుసు. మీ పాప చూడ్డంల్యా. భయపడతాంది."

"నీ యంత్రానికి పిచ్చిపట్టింది" అన్నాను.

"పోనీ, నువ్వే అడుగు."

మా పద్ధతిలో ఇంకో సంగతి ఉంది. చూపు కూతలేసిన పిల్ల ఇంటికొచ్చి, ఎదుటి ఏడుగురి అడుగులూ నాపరాతి ముక్కలతో నేల మీద పేర్చి చూపించాలి. ఎవరి ఏ కాలు ముందుంది, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారు, ఏ మూల బరువు వెనక మడమ మీదుంది, అన్నీ. మూడో ఆట తర్వాత చౌడి పేర్చింది. నేను చూసి మెచ్చుకున్నాను. నాకు అక్షరాలు గుర్తుండవు గానీ అడుగులు మరిచిపోను.

అందుకే నిన్న రాగి సంకటి తిన్నాక ఊరికే అడిగినట్టు అడిగాను. "మూడో ఆటది మళ్లీ పేర్చు పాపా, ఏదో అనుమానంగుండాది."

చౌడి పేర్చింది. ఎడమ మూల పిల్లకు కుడికాలు ముందుంది. ఆ రోజు పేర్చినప్పుడు ఎడమకాలు పెట్టింది. నడిమి ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. ఆ రోజు విడిగా ఉన్నారు. ఏడుగురిలో ఐదుగురు మారిపోయారు.

నా ముఖం చూసి తనే రాతిముక్కల్ని అరచేత్తో చెరిపేసింది.

"చూడల్యా అవ్వా" అంది. "రెండో ఆట అయినప్పటి నించీ చూడల్యా."

రెండో ఆటలో ఆఖరిసారి కూతకెళ్లినప్పుడు చీలమండ పట్టుకుని పడేశారు. ఐదుగురు మీద పడ్డారు. నాకు గుర్తుంది, లేచి దుమ్ము దులుపుకుని వచ్చింది, నేను భేష్ అన్నాను.

"కింద ఉన్నప్పుడు ఊపిరాడల్యా. అరుద్దామంటే గాలి ల్యా. అమ్మ పొయినప్పుడు ఇట్లనే ఉండిందేమో అనుకున్నా. ఆపొద్దు నించి గీత దాటితే నాకు నేల తప్ప ఏం కనపడ్డంల్యా."

"నాతో ఎందుకు చెప్పల్యా?"

"ఐదాటలు తాకొద్దన్నావు గదా. ఐదాటల వరకూ ఎవురికీ తెలీదనుకున్నా."

నా పద్ధతి చాటున దాక్కుంది నా బిడ్డ. నేను ఇక్కడ కూర్చుని నాలుగు నమోదుల పాటు ఆ తెరనే పట్టుకుని నిలబడ్డాను. రాసుకో పెట్టే. తూనిక నిజం చెప్పింది. నేను అబద్ధం చెప్పాను, తెలియక.

నమోదు 6. ఐదో ఆటకు ముందురోజు

పొద్దున ధాన్యం చెరుగుతుంటే చౌడి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పెట్టించుకుంటానవ్వా" అంది.

"ఏంది?"

"తోడు. లోపల ఎవురన్నా ఉంటే బాగుంటాదేమో. ఒక్కదాన్నే పోలేకపోతాండా."

ఈరక్క చెయ్యి సంగతి చెప్పాను. పొయ్యి దగ్గరికి పాకిన బిడ్డ సంగతీ చెప్పాను. విన్నది. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఆరో అంతస్తుకు పోతే నువ్వు ఒక్క ఎండాకాలం కూడా ఉండవు. అది నాకు ఇంగా భయం."

చేట పక్కన పెట్టాను. యాభై ఐదేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి నా దగ్గరుంది. దస్తగిరి తల్లికి కూడా చెప్పలేదు.

"నేను మొదటిసారి గీత దాటినప్పుడు ఏమయిందో తెలుసునా? లంగా తడుపుకున్నా."

చౌడి నోరు తెరిచింది.

"నగొద్దుమే! చెమట అని చెప్పినా అందరికీ. మా పెద్దమ్మ ముక్కుతో కనిపెట్టింది. పక్కకు పిలిచి, ఈ ఐదాటలూ వాళ్ల అడుగులు లెక్కబెట్టు, ఇంగేం చేయొద్దు అనింది. ఎందుకంటే అడిగితే, ఏడుగురి పద్నాలుగు కాళ్లు లెక్కబెడతాంటే భయపడేదానికి తీరిక యాడిది అనింది."

"అంటే... చూపు కూతలంటే?"

"భయపడేదానికే పాపా. ఐదాటలు భయపడనిచ్చేవాళ్లు. దానికి పేరు మంచిగ పెట్టుకున్నారు, అంతే."

"మరి నాకెందుకు అట్ల చెప్పల్యా? శత్రువును చదివే విద్య అన్నావు. ఓబులమ్మ విద్య అన్నావు."

"సిగ్గుమే" అన్నాను. "అంత పేరొచ్చినాక లంగా సంగతి ఎట్ల చెప్పేది?"

చౌడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది కూడా రాసుకో, అవమానమేమీ కాదు.

ఇప్పుడు నా విన్నపం మారుస్తున్నాను. నా మనవరాలు భయపడలేదని ఇక అనను. భయపడింది. ఇప్పుడూ భయపడుతోంది. కొత్తగా గీత దాటిన మనిషి భయపడడం ఆటలో ఒక భాగం. ఆ భయం అరిగేదాకా ఆగకుండా, మొదటి ఐదాటల్లోనే తూకమేసి, లెక్క తక్కువుందని మనిషినే మార్చేస్తే మీకు దక్కేది రైడరు కాదు. ఈ ఏడాది గడవనివ్వండి. అప్పటికీ లెక్క నలభై దాటకపోతే మీ ఇష్టం.

నమోదు 7. ఐదో ఆట అయిన మూడో రోజు

నాలుగో గనితో ఆట. చౌడి ఎనిమిదిసార్లు కూతకెళ్లింది. మొదటిసారి వెళ్లేముందు నా రాయి పక్కన ఆగి, "వణుకుతాండాయి అవ్వా, మోకాళ్లు" అంది. "వణకనీ, లెక్కబెట్టు" అన్నాను. తిరిగొచ్చి ముగ్గురి అడుగులు చెప్పింది. రెండోసారి నలుగురివి. ఐదోసారి ఏడుగురివీ చెప్పింది. గొంతు పగిలిపోతోంది, ఒళ్లంతా చెమట, కానీ చెప్పింది. ఆఖరిసారి కుడిమూల పిల్ల బొటనవేలు తాకి, పరిగెత్తుకుంటూ వచ్చి మా గీత మీద బోర్లా పడింది. ఒక్క పాయింటు. ఆట రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

తూనిక లెక్క ముప్పై ఆరు.

నిన్న రామసుబ్బమ్మ తీర్పు చదివింది. లెక్క పెరిగిందని ఒప్పుకున్నారు. కానీ నియమం నలభై అంటుంది, ముప్పై ఆరు నలభై కాదు. ఏడాది ఆగాలన్న నా కోరికకు నియమంలో చోటు లేదు. ఇక మిగిలింది పిల్ల సమ్మతి. అది మూడుసార్లు అడగాలట. గదిలో దస్తగిరి ఉన్నాడు, గంగులమ్మ ఉంది, గడప దాకా మా అంతస్తు జనం ఉన్నారు. గంగులమ్మ అత్తను మంచంతో సహా తెచ్చి నడవాలో పడుకోబెట్టారు. ఆ ముసలమ్మ ఊపిరి పీలుస్తున్న చప్పుడు గదిలోకి వినబడుతోంది.

"చౌడేశ్వరీ, తోడుకు సమ్మతమేనా?"

చౌడి నడవాలోని మంచం వైపు చూసింది. రెండోసారి అడిగారు. నావైపు తిరిగింది.

పెట్టే, ఈ మాట జాగ్రత్తగా రాయి. ఆ క్షణంలో నాకు ఆరో అంతస్తు కళ్లముందు కనబడింది. అక్కడి గోడలు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అక్కడ నా వయసువాళ్లు నోరు తెరుచుకుని పడుకుంటారు. ఒప్పుకోవే అన్న మాట నా నాలుక దాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపాను. నేనేదో ధైర్యవంతురాలినని ఎవరైనా రాస్తే వాళ్లు అబద్ధం రాసినట్టు.

మూడోసారి అడిగారు.

"ల్యా" అంది చౌడి. "నాకు భయమే. అయినా నా భయం నాకు కావల్ల. తీసెయ్యొద్దు."

గంగులమ్మ గోడ మీద అరచేత్తో కొట్టి, "మా అత్త పోతే నీదే పాపం!" అని అరిచింది. ఆమెను నేను తిట్టలేదు. ఆమె భయం కూడా భయమే. దస్తగిరి మాత్రం చౌడి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఆరో అంతస్తు నించి తిరిగి జట్టులోకి వొచ్చినోళ్లు ఇంతవరకూ ల్యారు పాపా."

"తెలుసు మాస్టరా" అంది.

ఇవాళ సాయంత్రం గంట మోగేలోపు మేం కిందికి దిగాలి. సామాను రెండు మూటలయింది. ఇది నా ఆఖరి నమోదు. కింద విన్నపాల పెట్టె లేదు. చివరి కోరిక ఏమైనా ఉందా అని నువ్వు ఇప్పుడే అడిగావు. ఉంది.

ఆరో అంతస్తులో ఆట తెలియని ఆడపిల్లలు పదకొండు మంది ఉన్నారట. వేడికి ఎవరూ ఆడరట. చౌడి వాళ్లకు అడుగులు చూడడం నేర్పుతానంటోంది. పొద్దున నేల కాస్త చల్లగా ఉండే గంటలో. ఆ గంట మాకు వదిలెయ్యండి, తూనికను కిందికి దించకండి.

నా సంగతి అంటావా. మెట్లు తలచుకుంటే కాళ్లు లాగేస్తున్నాయి. ఆ వేడిలో మొదటి రాత్రి ఎట్లా గడుస్తుందో తెలియదు. అరుస్తానేమో, ఏడుస్తానేమో, పైకి పంపమని కాళ్లు పట్టుకుంటానేమో. అట్లా చేశానని ఎవరైనా నీకు వచ్చి చెబితే వెంటనే తీర్పు రాయకు. ఆ అంతస్తుకు నేను కూడా కొత్తదాన్నే. నాకూ ఐదు ఆటలు ఇవ్వండి.